ఇంటికన్నా ముందు ఒడ్డు చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఊరు అనంతపురం. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్ ఉద్యోగం వచ్చింది, మార్చి మొదట్లో చేరాలి. ఆఫీసు, ల్యాబు భీమవరంలో. తిరగవలసిన చెరువులు మాత్రం సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు మండలాల్లో. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, భార్య, రెండో తరగతి చదివే పాప జూన్‌లో వస్తారు. సంక్రాంతి సెలవుల్లో వచ్చి, రెండు రోజుల్లో ఇల్లు చూసుకొని, అడ్వాన్సు ఇచ్చేసి వెళ్లాలని మీ ఆలోచన. మ్యాపులో నరసాపురం అన్నిటికీ దగ్గరగా కనిపిస్తోంది కాబట్టి అక్కడే వెతకవచ్చా అని అడిగారు.

సంక్రాంతికి రాకండి. వచ్చిన మొదటిసారే అడ్వాన్సు ఇవ్వకండి. నరసాపురం సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

నేను బ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారిగా ఈ గోదావరి డెల్టాలో, వశిష్ఠ అనే పాయకు అటూ ఇటూ పనిచేశాను. చెరువుల అప్పులకు, కొబ్బరి తోటల అప్పులకు తనిఖీకి తిరగడమే ఉద్యోగం. బదిలీ మీద వచ్చే కుర్రాళ్లకు ఇళ్లు చూపించే పని కూడా ఎందుకో నా నెత్తినే పడేది. అద్దె ఎంత, వాస్తు ఎలా ఉంది, బస్టాండు ఎంత దూరం అని అందరూ అడిగేవారు. నీళ్లు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి అని అడిగినవాళ్లు అరుదు. ఇక్కడ అద్దె ఇంటి మంచీ చెడూ తేలేది ఆ రెండు ప్రశ్నల దగ్గరే.

ముందు నదిని మనసులో గీసుకోండి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. మీ చెరువులన్నీ వశిష్ఠకు, వైనతేయకు మధ్య, సముద్రం వైపు ఉన్న నేల మీద ఉన్నాయి. అంటే మూడు వైపులా నీరే. మీ ఆఫీసు వశిష్ఠకు పడమటి ఒడ్డున ఉంది. జిల్లాలు కూడా వేరు: 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీశాక భీమవరం పశ్చిమ గోదావరికి, అమలాపురం కోనసీమకు కేంద్రాలయ్యాయి. కాబట్టి మీరు ఎక్కడ కాపురం పెట్టినా వారంలో కొన్ని రోజులు ఏరు దాటక తప్పదు. ఎక్కడ దాటుతారన్నదే మొదటి నిర్ణయం. ఇల్లు ఆ తర్వాత.

ఇక నరసాపురం. మ్యాపులో నరసాపురానికి ఎదురుగానే సఖినేటిపల్లి కనిపిస్తుంది. మధ్యలో ఉన్న నీలం గీత వశిష్ఠ, అక్కడ దాని మీద వంతెన లేదు. మాధవాయిపాలెం రేవు నుంచి పంటు మీద దాటాలి. పంటు అంటే జంట పడవల మీద బల్లలు పరిచి, చుట్టూ కమ్మీ కట్టి, ఇంజను పెట్టినది. మనుషులు, మోటారు సైకిళ్లు, కార్లు అన్నీ దాని మీదే ఎక్కుతాయి. ఏటి మీద చల్లగాలి, ఎదుట కొబ్బరి చెట్ల వరుస... ఒకసారి ఎక్కితే ఇక్కడే ఉండిపోదామనిపిస్తుంది. కానీ మీ చెరువు పని తెల్లవారుజామున మొదలవుతుంది. నీటిలో ఆక్సిజన్ అడుగంటేది సూర్యోదయానికి ముందేనని నేను మీకు చెప్పనక్కర్లేదు. రైతు నాలుగున్నరకు ఫోను చేసి ‘రొయ్య పైకి తేలుతోంది, రండి’ అంటే పంటు మీ కోసం రేవులో సిద్ధంగా ఉండదు. వరద వస్తే ఏరు తగ్గేదాకా దాన్ని ఆపేస్తారు. అప్పుడు పాలకొల్లు వైపు వచ్చి, చించినాడ వంతెన ఎక్కి, చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. నరసాపురం మంచి ఊరు. రైలుంది, లేసు అల్లికలున్నాయి, అంగళ్లున్నాయి. మీ ఉద్యోగానికి మాత్రం పనికిరాదు.

మీకు పనికొచ్చే దారి 216 జాతీయ రహదారి. దిగమర్రు నుంచి చించినాడ వంతెన దాటితే దిండి. అక్కడి నుంచి మలికిపురం, రాజోలు వైపు మీ చెరువులే. కాబట్టి ఇల్లు ఆ వంతెనకు ఏదో ఒక వైపు, వీలైనంత దగ్గర్లో ఉండాలి. పడమటి ఒడ్డున పాలకొల్లు, తూర్పు ఒడ్డున రాజోలు, తాటిపాక, మలికిపురం. అమలాపురాన్ని జాబితా నుంచి తీసేయండి. అది వైనతేయకు అవతల ఉంది. అక్కడుంటే భీమవరం వెళ్లడానికి రెండు పాయలు దాటాలి. భీమవరంలోనే ఉంటే ఆఫీసు దగ్గరే కానీ చెరువులు దూరమైపోతాయి. పైగా ఆక్వా సొమ్ము తిరిగే ఊరు, అద్దెలు ఆ లెక్కనే ఉంటాయి.

నన్నడిగితే కుటుంబానికి పాలకొల్లు. అమ్మగారికి ఆసుపత్రులు అక్కడే ఉన్నాయి, పెద్ద వైద్యం కావాలంటే భీమవరం దూరం కాదు. పాపకు బడులు, మీకు రైలు ఉన్నాయి. కోనసీమ లోపలికి రైలు ఇంకా రాలేదు. కోటిపల్లి–నరసాపురం లైను పని నడుస్తోందని, రేపో మాపో వస్తుందని తూర్పు ఒడ్డున ఎవరైనా ఇల్లు చూపిస్తే నవ్వి ఊరుకోండి. అయితే మీ పనిలో ఆఫీసు వారానికి ఒక్క రోజే, మిగతాదంతా చెరువుల గట్ల మీదే అయితే రాజోలు, తాటిపాక వైపు కూడా ఆలోచించవచ్చు. ఈ లెక్క కంపెనీ వాళ్లనే గట్టిగా అడిగి తేల్చుకోండి. ఇంటర్వ్యూలో చెప్పే లెక్కకూ, చేరాక తిరిగే లెక్కకూ చాలా తేడా ఉంటుంది. ఇప్పుడు అదే పని చేస్తున్నవాడి ఫోను నంబరు సంపాదించి, నిన్న ఎక్కడెక్కడ తిరిగావని అడగండి. ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావని అడిగితే గుండ్రటి అంకె చెబుతాడు. నిన్న ఎక్కడెక్కడికి వెళ్లావంటే ఊళ్ల పేర్లు చెబుతాడు.

ఎప్పుడు రావాలి? సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల కోడిపందేల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. హోటల్ గది దొరకదు, దొరికినా మామూలు ధర కాదు. ఇంటి యజమానులు పిల్లలతో, అల్లుళ్లతో హడావిడిగా ఉంటారు. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం అని కోనసీమ సగం రోడ్ల మీదే ఉంటుంది. చూడదగ్గ పండుగే, ఇల్లు వెతకదగ్గ సమయం కాదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. జనవరిలో కాలువలు నిండుగా పారుతుంటాయి, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పచ్చగా ఉంటాయి, ఏ కుళాయి తిప్పినా నీళ్లు వస్తాయి. అప్పుడు ఏ ఇల్లు చూసినా బాగానే ఉంటుంది.

కాబట్టి పండుగ అయ్యాక, జనవరి చివర్లో, పనిరోజుల్లో రండి. ఆ రాక ఒడ్డు తేల్చుకోవడానికి మాత్రమే. మార్చిలో చేరినప్పుడు ఒంటరిగానే ఉంటారు కనుక పాలకొల్లులో ఒక గది తీసుకోండి. కుటుంబానికి ఇల్లు మే నెలలో చూడండి. ఎందుకంటే దాళ్వా కోతలకు వచ్చాక, ఏప్రిల్‌లో, ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు ఆపేస్తారు. పూడికలు, మరమ్మతులు చేసుకొని మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్య కాలమంతా ఊళ్లు తాగేది ముందుగా నింపి పెట్టుకున్న మంచినీటి చెరువుల నీళ్లే. మే మూడో వారంలో కుళాయిలో ఎన్ని గంటలు, ఏ రంగు నీళ్లు వస్తున్నాయో చూస్తే ఆ ఇంటి అసలు సంగతి బయటపడుతుంది.

తూర్పు ఒడ్డున ఇది ఇంకా ముఖ్యం. సముద్రానికి దగ్గరగా బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే. రాజోలు వైపు తాగే నీరు ధవళేశ్వరంలో బయల్దేరి, పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన అక్విడక్టు, అంటే కాలువను నది మీదుగా దాటించే వంతెన, దాటి, కాలువల వెంట ఊరి చెరువుకు చేరాలి. మీ సంచిలో లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది కదా అనుకుంటారేమో. చెరువు నీటికి సరిపోయే ఆ కొలత తాగే నీటికి మరీ మోటు. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు చవకలో దొరుకుతుంది, ఒకటి కొనుక్కోండి. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దిక్కు లేనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. బోరు నీరు అంతకు మించితే స్నానానికి కూడా సబ్బు నురగ రాదు, గీజరు పాడవుతుంది. మీటరు లేకపోతే పక్కింటి వరండా చూడండి. ఇరవై లీటర్ల టిన్నులు వరసగా కనబడితే ఆ వీధి నీటి సంగతి తెలిసిపోయినట్టే.

ఇప్పుడు ముంపు గురించి. బయటివాళ్లు ఇక్కడ రెండు రకాల ముంపును ఒకటిగా కలిపేసుకొని అనవసరంగా భయపడతారు, లేదా అనవసరంగా ధైర్యపడతారు.

మొదటిది గోదావరి వరద. జూలై, ఆగస్టుల్లో వస్తుంది. ఇక్కడ చినుకు ఉండదు, ఎండ కాస్తుంటుంది, నది మాత్రం ఎర్రగా పొంగుతుంది. ఆ నీరు ఎక్కడో మహారాష్ట్రలో, తెలంగాణలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిసిన వాన. భద్రాచలంలో నీటిమట్టం పెరిగితే ఇక్కడికి రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది కాబట్టి చెప్పకుండా రాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. టీవీలో ఈ అంకెలు చెబుతుంటే కంగారు పడకండి. మీ ఇల్లు ఏటిగట్టుకు లోపల ఉందా, నది వైపు ఉందా అని చూసుకోండి. నది వైపు ఉన్నవి లంకలు. ఎలమంచిలి మండలంలో కనకాయలంక లాంటి చోట వరదొస్తే కాజ్‌వే మునిగిపోయి జనం పడవల మీద తిరుగుతారు. లంకల్లో అద్దె తక్కువ, గాలి హాయి, తోటలు అందం. మోకాళ్లు నొప్పి ఉన్న పెద్దావిడను మాత్రం అక్కడ పెట్టకండి. ఏటిగట్టు లోపలి ఊళ్లకు మామూలు వరద రాదు. 1986 ఆగస్టులోనూ, 2022 జూలైలోనూ వచ్చినంత పెద్దది వస్తే మాత్రం రాత్రిళ్లు గట్ల మీద ఇసుక బస్తాలతో కాపలా కాస్తారు.

రెండోది వాన ముంపు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పడితే వస్తుంది. నిజానికి అద్దె ఇళ్లను ముంచేది ఇదే. డెల్టా నేల చదును. కురిసిన నీరు మురుగు కాలువల్లోంచి సముద్రంలోకి పోవాలి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు పోదు, వెనక్కి తన్నుతుంది. గుర్రపుడెక్క, చెత్త నిండిన డ్రెయిను అయితే ఇక అడగక్కర్లేదు. వీధిలో మోకాలి లోతు నీరు రోజుల తరబడి నిలిచిపోతుంది. ఏటిగట్టు దీనికి ఏమీ చేయలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి ఇక్కడ నలభై దాటినవాళ్లను ఎవరిని కదిపినా గంటసేపు చెబుతారు. విసుక్కోకుండా వినండి. ఏ డాబా మీద ఎంతమంది తలదాచుకున్నారో, ఏ వీధికి నీళ్లు రాలేదో ఆ మాటల మధ్యలోనే దొరుకుతుంది.

ఇల్లు చూసేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి రోడ్డు వైపు తిరిగి చూడండి. ఇక్కడ సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర పోస్తారు. రోడ్డు లేస్తూ ఉంటుంది, ఇల్లు పల్లమవుతూ ఉంటుంది. ఒకప్పుడు నాలుగు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లే పరిస్థితి చాలా వీధుల్లో ఉంది. అలాంటి ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. స్థలం మెరక వేసి కట్టారా అని అడగండి. గోడ అడుగున, బీరువా వెనక, గచ్చుకు జానెడు ఎత్తున రంగు పొరలుగా లేచి వేలితో తాకితే పొడి రాలుతుంటే అది చెమ్మ. పైన కొత్తగా సున్నం కొట్టి, కింది రెండడుగులకు మాత్రం ముదురు రంగు వేశారంటే అది అలంకారం కాకపోవచ్చు. యజమాని ‘మా వీధికి నీళ్లే రావండీ’ అనే అంటాడు. మీరు వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్లి, అడుగు అరలో బియ్యం బస్తాలు నేల మీద ఉన్నాయా, బల్ల మీద ఉన్నాయా చూడండి. చాకలి బండి దగ్గరో, టీ కొట్టు దగ్గరో 2022లో ఇక్కడ ఎంతవరకు వచ్చింది అని అడగండి. నోటితో కన్నా చేత్తో చెబుతారు: చీలమండ దగ్గరో, మోకాలి దగ్గరో, నడుం దగ్గరో చెయ్యి పెడతారు.

ఇల్లు చెరువులకు ఆనుకొని ఉంటే రాత్రి ఒకసారి వచ్చి నిలబడండి. చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల హోరు మీకు వృత్తిరీత్యా జోలపాట కావచ్చు, ఇంట్లోవాళ్లకు కాదు. కరెంటు పోతే జనరేటర్లు అందుకుంటాయి. రాజోలు, మామిడికుదురు వైపు చూస్తే గ్యాస్ పైపులైన్లు తోటల మధ్యలోంచి పోతుంటాయి. వాటి గుర్తు రాళ్లు ఎక్కడ ఉన్నాయో గమనించండి. మామిడికుదురు మండలం నగరంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ రాళ్ల వరసకు దూరంగా ఇల్లు దొరుకుతుంటే దగ్గరది ఎందుకు?

జనవరి రాకలో రెండు రోజులు ఎలా గడపాలో చెబుతాను. అనంతపురం నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో దిగండి. భీమవరం వైపు వెంటనే వెళ్లకుండా ధవళేశ్వరం వెళ్లి బ్యారేజీ మీద కాసేపు నిలబడండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడు ఉన్నది దాని స్థానంలో తర్వాత కట్టినది. మూడు డెల్టాలకు కాలువలు విడిపోయేది ఇక్కడే. రేపు మీరు తాగబోయే నీరు కూడా ఇక్కడిదే. తర్వాత రావులపాలెం మీదుగా రాజోలు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. శనివారం మాత్రం వద్దు, వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే జనంతో రావులపాలెం దగ్గర కదలలేరు. దారిలో కాలువ నీటి మట్టాన్ని, పక్కన ఉన్న ఇళ్ల గుమ్మాలను పోల్చుకుంటూ వెళ్లండి. ఎంత తక్కువ తేడా మీద ఈ ఊళ్లన్నీ నిలబడ్డాయో అర్థమవుతుంది. ఆ రోజు రాజోలు, మలికిపురం చూసుకొని, సాయంత్రానికి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు చేరి అక్కడే పడుకోండి.

రెండో రోజు తెల్లవారుజామున ఐదింటికి అద్దెకో, ఎవరినైనా అడిగో మోటారు సైకిల్ తీసుకొని, మీకు అప్పగించబోయే చెరువుల్లో అన్నిటికన్నా దూరపుదాని దాకా వెళ్లండి. కారు వద్దు, మీరు తిరగబోయేది బండి మీదే. మంచు కురుస్తుంటుంది. కాలువ గట్టు రోడ్లకు చాలాచోట్ల పిట్టగోడ ఉండదు, మలుపులో నేరుగా కాలువే. ఇప్పుడు ఆ మంచులో ఒకసారి వెళ్తే ఏ దారి వాడాలో, ఏది వాడకూడదో తెలుస్తుంది. పాప బడి బస్సు ఏ గట్టు మీద వెళ్తుందో కూడా అడగండి. నవంబరు, డిసెంబరులోనూ, ఏప్రిల్‌లోనూ ఇంకో ఇబ్బంది ఉంది. కోతలయ్యాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. రాశి చుట్టూ రాళ్లు పెట్టి, నల్ల పట్టా కప్పుతారు. రాత్రి ఎదుటి లారీ దీపాల్లో ఆ రాళ్లు కనిపించవు. జనవరిలో అవి కనబడవు కాబట్టి ముందే చెబుతున్నాను.

అద్దె మాటల దగ్గర ‘మీ ఇంటిపేరేమిటి, మీదే ఊరు, ఏమవుతారు’ అని వరసగా అడుగుతారు. దేనికి అడుగుతున్నారో మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. మాంసం వండుకుంటారా అని కొన్ని వీధుల్లో అడుగుతారు. చిరాకు పడి లాభం లేదు. సమాధానం నచ్చక తలుపు వేసుకునే ఇల్లు తర్వాతైనా సుఖంగా ఉండనివ్వదు, అక్కడితో వదిలేయండి. మీ కంపెనీ దగ్గర మేత కొనే రైతులు చాలామందికి పాలకొల్లులో ఇళ్లున్నాయి, వాళ్ల ద్వారా వెళితే ఈ ప్రశ్నలు సగం తగ్గుతాయి. కానీ మీ దగ్గర మేత కొనే రైతు ఇంట్లోనే అద్దెకు దిగకండి. బాకీ వసూలు రోజున మీ ఇద్దరికీ ఇబ్బంది.

సామాను సంగతి అడిగారు. లారీని జూన్ మొదటి వారంలోనే రప్పించండి, వానలు ముదిరాక మంచాలూ పరుపులూ తడుస్తాయి. చెక్క బీరువా తెస్తే గోడకు ఆనించకండి. పుస్తకాలు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి, ఆగస్టుకల్లా బూజు పడుతుంది. దోమతెరలు కొనుక్కోండి. అనంతపురంలో ఇంటింటా ఉండే ఎయిర్ కూలర్‌ను మాత్రం అక్కడే ఎవరికైనా అమ్మేయండి. అక్కడి పొడిగాలిలో అది చల్లగా పనిచేస్తుంది. ఇక్కడ గాలిలోనే నీరు నిండి ఉంటుంది, కూలర్ పెడితే గది ఇంకా ఉడికిపోతుంది. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి అమ్మగారి గదికి చిన్న ఏసీ పెట్టించండి. కరెంటు మీటరు ఆ బరువు మోస్తుందో లేదో యజమానిని మేలోనే అడగండి.